నొప్పి లేని పుండు

ఆరు నెలలో, ఏడాదో మందు మింగితే కుష్ఠు నయమవుతుంది. నయమైన ఎన్నో ఏళ్లకు కూడా వేళ్లు, పాదాలు, కళ్లు దెబ్బతింటూనే ఉంటాయి. ఆ నష్టం ఎలా జరుగుతుందో వైద్యానికి బాగా తెలుసు; లెక్కల్లోనే దానికి చోటు తక్కువ.

కుష్ఠు వ్యాధి గురించి పల్లెల్లో తరతరాలుగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. ఆ రోగం ఒంటిని లోపలినుంచి కుళ్లబెడుతుందని, కాలం గడిచేకొద్దీ వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని జనం అనుకుంటారు. 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి చెప్పుకొనే ఈ జబ్బు చుట్టూ అల్లుకున్న భయంలో సగానికి మూలం ఆ నమ్మకమే. రోగుల చర్మాన్నీ నరాన్నీ సూక్ష్మదర్శిని కింద పరీక్షించిన వైద్యశాస్త్రం చెప్పేది వేరు. ఈ వ్యాధికి కారణమైన మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి కండను తినదు, ఎముకను కరిగించే విషాన్నీ వదలదు. అది చేసే పని నరంలో చేరడం. నరం చచ్చిన అవయవాన్ని ఆ తర్వాత కొంచెం కొంచెంగా అరగదీసేవి రోజువారీ కష్టం, ఎండ, నిప్పు, ముల్లు, బిగుతు చెప్పు, వాటితో పాటు రోగి సొంత రోగనిరోధక వ్యవస్థ.

ఈ తేడా కడప జిల్లా వంటి చోట కేవలం పుస్తకాల విషయంగా మిగలదు. మైదుకూరు పరిసరాల్లో కేసీ కాలువ కింది వరిమళ్లలో గంటల తరబడి నానే పాదాలు, పులివెందుల చీనీతోటల్లో ముళ్లకొమ్మలు పట్టుకునే చేతులు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల గుంటమగ్గాల్లో రోజంతా చెక్కలు తొక్కే కాళ్లు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో కాలిన బండల మీద నడిచే మడమలు, ఇవన్నీ నొప్పిని నమ్ముకునే పని చేస్తాయి. ఎంతసేపు తొక్కాలో, బరువును ఏ కాలి మీదికి మార్చుకోవాలో, చేయి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో మనిషికి ఆలోచించే పని లేకుండా నొప్పే చెబుతుంది. వేసవిలో 42 డిగ్రీలు దాటే ఎండలో వట్టికాళ్లతో నేల మీద అడుగు పెట్టినవాడు గబుక్కున నీడలోకి దూకేది ఆ నొప్పి వల్లే. కుష్ఠు తీసుకుపోయేది మొట్టమొదట దాన్నే.

చల్లని చోటు వెతికే సూక్ష్మజీవి

నార్వేలోని బెర్గెన్ నగరంలో వైద్యుడు గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ 1873లో ఈ సూక్ష్మజీవిని రోగి కణజాలంలో గుర్తించాడు. అప్పటినుంచి ఇప్పటివరకు ప్రయోగశాలలో కృత్రిమ ఆహారం మీద దాన్ని పెంచడం ఎవరికీ సాధ్యపడలేదు. ఎలుక పాదంలోనూ, అమెరికా ఖండాల్లో ఉండే ఆర్మడిల్లో అనే పెంకు జంతువులోనూ మాత్రమే పరిశోధకులు దాన్ని పెంచగలిగారు. రెండింటిలోనూ ఉన్న పోలిక చల్లదనం. మనిషి లోపలి అవయవాల ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కాగా, ఈ జీవికి నచ్చేది సుమారు 30 నుంచి 33 డిగ్రీలు. అందువల్ల అది గుండె, కాలేయం వంటి వాటిని పెద్దగా పట్టించుకోకుండా చర్మం, చెవి తమ్మెలు, ముక్కు, కంటి ముందుభాగం, వృషణాలు, చర్మానికి దగ్గరగా సాగే నరాల వంటి చల్లటి చోట్లను ఎంచుకుంటుంది. అది ఒకటి రెండు కావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక, సోకిన తర్వాత లక్షణాలు బయటపడడానికి సగటున అయిదేళ్లు, కొందరిలో 20 ఏళ్లకు పైగా పట్టవచ్చు.

నరం మీద దానికున్న మక్కువకు కారణం 1990ల చివర అణుస్థాయిలో తేలింది. నరపు తంతువులను చుట్టుకుని, వాటిని పోషిస్తూ ఉండే కణాలను ష్వాన్ కణాలు అంటారు. వాటి పైపొరలో లామినిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. కుష్ఠు సూక్ష్మజీవి గోడ మీద ఉండే ప్రత్యేకమైన కొవ్వు పదార్థం ఆ లామినిన్‌కు అతుక్కుని, ష్వాన్ కణం లోపలికి చేరడానికి దారి చేసుకుంటుంది. అక్కడ చేరిన సూక్ష్మజీవిని రోగనిరోధక కణాలు పసిగట్టి దాడి చేసినప్పుడు నరం వాస్తుంది. నరానికి చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది కనుక ఆ వాపు బయటికి వ్యాపించలేక లోపలి తంతువులనే నొక్కేస్తుంది. వాటికి నెత్తురు సరఫరా తగ్గి, ముందు సన్నటి తంతువులు, తర్వాత లావాటివి చచ్చిపోతాయి. వేడి, చల్లదనం, నొప్పి మోసుకెళ్లే సన్నని తంతువులు ముందు పోవడం వల్లనే తెల్లబారిన లేదా ఎర్రబారిన మచ్చ మీద గిచ్చినా తెలియకపోవడం ఈ వ్యాధికి తొలి ఆనవాలు అయింది.

ఏ నరం దెబ్బతింటుందన్నది కూడా చల్లదనమే నిర్ణయిస్తుంది. మోచేయి లోపలి వైపు ఎముక పక్కన చర్మం కిందనే సాగే అల్నార్ నరం చాలా ఎక్కువగా దెబ్బతినే వాటిలో ఒకటి. అది చెడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి, చేతిలోని చిన్న కండరాలు కరిగి, వేళ్లు లోపలికి వంగిపోతాయి. మణికట్టు దగ్గర మీడియన్ నరం పోతే బొటనవేలు మిగిలిన వేళ్లకు ఎదురు నిలవలేదు, చిటికెడు ఉప్పు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మోకాలి కింద పక్కగా తిరిగే నరం పోతే పాదం ముందుభాగం పైకి లేవక నడిచేటప్పుడు ఈడ్చుకుపోతుంది. చీలమండ లోపలి వైపు సాగే నరం పోతే అరికాలంతా స్పర్శ కోల్పోతుంది. ముఖ నరం పోయినవారికి కనురెప్ప మూతపడదు.

మందు మొదలుపెట్టాక పుట్టే మంట

కుష్ఠు ఎలాంటి రూపం తీసుకుంటుందన్నది సూక్ష్మజీవి కన్నా మనిషి శరీరం దానికి ఎలా స్పందిస్తుందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. 1966లో రిడ్లీ, జోప్లింగ్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన వర్గీకరణ ఇప్పటికీ దానికి ఆధారం. ఒక కొసన ఉన్నవారిలో రోగనిరోధక కణాలు గట్టిగా పోరాడతాయి, సూక్ష్మజీవులు చాలా తక్కువ, మచ్చలు ఒకటో రెండో, కానీ పోరాటం జరిగిన నరం త్వరగా చెడుతుంది. రెండో కొసన ఉన్నవారిలో ఆ పోరాటం దాదాపు లేదు, చర్మంలో సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి, నరాలు మెల్లగా అయినా రెండు వైపులా సమంగా చెడతాయి. రోగుల్లో ఎక్కువమంది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటారు. మధ్యలో ఉన్నవారి శరీరం తన వైఖరిని హఠాత్తుగా మార్చుకోవచ్చు. ఆ మార్పునే వైద్యులు రియాక్షన్ అంటారు.

మొదటి రకం రియాక్షన్‌లో అణిగి ఉన్న నిరోధక శక్తి ఒక్కసారిగా మేల్కొంటుంది. పాత మచ్చలు ఎర్రగా ఉబ్బుతాయి, మోచేయి దగ్గరో మోకాలి దగ్గరో నరం వాచి తాకితే ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంది, కొన్నిసార్లు రోజుల్లోనే చేయి పడిపోతుంది. ఎక్కువ సూక్ష్మజీవులున్నవారిలో కనిపించే రెండో రకంలో చచ్చిన సూక్ష్మజీవుల శకలాలకు శరీరంలోని ప్రతిరక్షకాలు అతుక్కుని గుంపులుగా ఏర్పడి, చర్మం కింది కొవ్వులోను, కంటిలోను, కీళ్లలోను, మూత్రపిండాల్లోను, వృషణాల్లోను మంట పుట్టిస్తాయి. జ్వరంతో పాటు నొప్పి పెట్టే ఎర్రటి గడ్డలు వచ్చే ఈ స్థితికి ఎరిథిమా నోడోసమ్ లెప్రోసమ్ అని పేరు. మళ్లీ మళ్లీ వచ్చే ఈ మంట ఏళ్ల తరబడి సాగితే అమిలాయిడ్ అనే అసహజ మాంసకృత్తు మూత్రపిండాల్లో పేరుకుని అవి చెడిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడే కుష్ఠు వైద్యంలోని పెద్ద చిక్కు ఎదురవుతుంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమైన్ మందుల బహుళ ఔషధ చికిత్స మొదటి మోతాదుతోనే ఒంట్లోని సూక్ష్మజీవుల్లో అత్యధిక భాగాన్ని చంపేస్తుంది, ఇతరులకు సోకే గుణం త్వరగా పోతుంది. అయితే చచ్చిన సూక్ష్మజీవుల అవశేషాలను శరీరం ఊడ్చేయడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నింటిలోనూ రియాక్షన్ వచ్చే వీలు ఉంటుంది. మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో కొత్తగా చేయి మొద్దుబారిన రోగి మందే తనకు చేటు చేసిందని అనుమానించి ఆపేయడం, మందు పూర్తయిన రెండేళ్లకు గడ్డలు లేచినవారు రోగం తిరగబెట్టిందని కుమిలిపోవడం ఈ కారణంగానే జరుగుతాయి. రెండు సందర్భాల్లోనూ కావలసింది మంటను అణచే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మాత్ర. నరం చెడడం మొదలైన ఆరు నెలల లోపు దాన్ని వైద్యుల పర్యవేక్షణలో మొదలుపెడితే పోయిన స్పర్శ, బలం చాలామందికి కొంతవరకైనా తిరిగి వస్తాయి, ఆ గడువు దాటితే ఆశ సన్నగిల్లుతుంది. రెండో రకం రియాక్షన్‌కు 1964లో జెరూసలేంలో వైద్యుడు జేకబ్ షెస్కిన్ అనుకోకుండా కనుగొన్న మందు థాలిడోమైడ్. గర్భిణులు వాడడం వల్ల అవయవలోపాలతో శిశువులు పుట్టడంతో అప్పటికి కొన్నేళ్ల ముందే ప్రపంచం వెలివేసిన మందు అది, నేటికీ కఠిన నియమాల నడుమ ఇక్కడ పనికొస్తోంది.

అరికాలు ఎలా అరుగుతుంది

స్పర్శ పోయిన పాదంలో పుండు ఎలా పుడుతుందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు దక్షిణ భారతంలోనే దొరికింది. 1914లో తమిళనాడు కొల్లిమలల్లో పుట్టిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో వైద్యుడు రాబర్ట్ కాక్రేన్ పిలుపు మేరకు రోగులను చూసి, 1948 నుంచి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. చనిపోయిన రోగి శరీరాన్ని పరిశీలించినప్పుడు నరాలు అంతటా కాక మోచేయి, మణికట్టు, మోకాలు, చీలమండ వంటి చోట్ల, అంటే చర్మానికి దగ్గరగా వచ్చిన చోట్ల మాత్రమే వాచి ఉండడం ఆయన గమనించాడు. చేతులు బాగుచేసుకుని వెళ్లిన రోగులు వేలి ముక్క పోగొట్టుకుని తిరిగి రావడం ఆయన్ను మరింత ఆలోచనలో పడేసింది. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరుకుతున్నా రోగులకు తెలియడం లేదని కాపు కాసి చూస్తే తేలింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లే రోగికి పిల్లిని కూడా ఇచ్చి పంపడం మొదలైంది. కుష్ఠు వల్ల మాంసం కుళ్లిపోతుందన్న మాటను నమ్మనవసరం లేదని, ప్రతి గాయానికీ వెతికితే ఒక బయటి కారణం దొరుకుతుందని ఆయన వాదించగలిగింది ఇలాంటి పరిశీలనల ఆధారంతోనే.

బ్రాండ్, ఆయన సహచరుల పనినుంచి తేలిన క్రమం ఇది. ముల్లు దిగడం, గాజుపెంకు కోయడం, నిప్పు తగలడం వంటివి ఒక్కసారిగా జరిగే గాయాలు. బిగుతు చెప్పు పట్టీ గంటల తరబడి ఒకేచోట ఒత్తితే ఆ చోటికి నెత్తురు అందక చర్మం చచ్చిపోతుంది. ఈ రెండింటికన్నా ఎక్కువ పాదాలను చెడగొట్టేది మూడోది: ఒక్కొక్క అడుగు హాని చేయనంత మామూలు ఒత్తిడే అయినా వేల అడుగులు ఆపకుండా పడినప్పుడు కణజాలం కందిపోతుంది, నొప్పి తెలిసినవాడు కుంటుతూనో ఆగుతూనో ఆ చోటికి విరామం ఇస్తాడు, తెలియనివాడు అదే తీరున నడుస్తాడు. చర్మం కింద కందిన చోట నీరు చేరి బొబ్బ కడుతుంది, అది పగిలి పుండవుతుంది. చెమట గ్రంథులకు వెళ్లే నరాలు కూడా పోయి ఉంటాయి కనుక ఆ పాదం ఎప్పుడూ పొడిగా, మందంగా, ఆనెకాయలతో, పగుళ్లతో ఉంటుంది. పగుళ్లలోంచి చీము పుట్టించే మామూలు సూక్ష్మజీవులు లోపలికి వెళ్లి ఎముకదాకా చేరుతాయి. ఎముక ముక్కలు ముక్కలుగా పోయి పాదం పొట్టిదవుతుంది, పొట్టిదైన పాదం మీద ఒత్తిడి చదరపు అంగుళానికి ఇంకా పెరుగుతుంది, మళ్లీ పుండు పడుతుంది. ఏళ్ల తరబడి మానకుండా ఉన్న పుండు అంచున కొందరికి క్యాన్సర్ కూడా పుడుతుంది. వేలు 'రాలిపోయింది' అని ఊళ్లో చెప్పుకొనే దాని వెనుక ఇన్ని మెట్లు ఉంటాయి, ప్రతి మెట్టు దగ్గరా దాన్ని ఆపే వీలు ఉంటుంది.

కన్ను, ముక్కుల కథ కూడా ఇలాంటిదే. రెప్ప మూయలేని కంటికి దుమ్ము తగిలినా తెలియనప్పుడు నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఎండి, పుండు పడి, చూపు పోతుంది. కంటి లోపల రియాక్షన్ మంట పుడితే పాప ముడుచుకుపోతుంది. ముక్కు లోపలి పొరలో చేరిన సూక్ష్మజీవుల వల్ల పుట్టే మంటతో మధ్య గోడ మృదులాస్థి చిల్లుపడి, ముందరి చిన్న ఎముక కరిగి, ముక్కు వంతెన కుంగిపోతుంది. ఎముకల్లో మిగిలే ఈ గుర్తుల ఆధారంగానే రాజస్థాన్‌లోని బాలాథల్‌లో దొరికిన సుమారు 4,000 ఏళ్లనాటి అస్థిపంజరంలో కుష్ఠు ఆనవాళ్లను పరిశోధకులు 2009లో ప్రకటించారు.

బాగుచేసే చేతులు

తెలుగునాట కుష్ఠు వైద్యానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త 1915లో నెలకొల్పిన ఆసుపత్రి, ఉత్తరాంధ్రలోని సాలూరు ఆసుపత్రి, గోదావరి డెల్టాలోని రామచంద్రపురం ఆశ్రమం, ఆ తర్వాత 1958లో రాణీ కుముదినీ దేవి హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రారంభించిన శివానంద పునరావాస కేంద్రం ఆ వరుసలో ముఖ్యమైనవి. తొలినాళ్లలో ఉన్న ఒకే మందు అడవిబాదం జాతి గింజలనుంచి తీసిన చాల్‌మూగ్రా నూనె, దాన్ని చర్మం కింద సూదితో ఎక్కించేవారు. ఆ నొప్పిని భరించిన రోగులకు ఫలితం మాత్రం నమ్మకంగా ఉండేది కాదు. 1940లలో డాప్సోన్ కుటుంబపు మందులు వచ్చాకే వైద్యుల దృష్టి ప్రాణం నిలపడం మీదినుంచి అవయవం నిలపడం మీదికి మళ్లింది.

రాయలసీమ రోగులకు వేలూరు దారి కొత్తది కాదు. అక్కడికి దగ్గరలోని కరిగిరిలో 1955లో మొదలైన షిఫ్లిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం శస్త్రచికిత్సలకు, పాదరక్షలకు పేరుపొందింది. ముంజేతిలో ఇంకా బలం మిగిలి ఉన్న కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు బిగించే గట్టి తాడును, దారి మళ్లించి చచ్చుబడిన వేళ్లకు అతికిస్తే వంగిన వేళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. పిక్కలోని స్నాయువును ముందుకు తెచ్చి కుడితే ఈడ్చుకుపోయే పాదం లేస్తుంది. పోయిన స్పర్శను మాత్రం ఏ శస్త్రచికిత్సా తిరిగి ఇవ్వలేదు. అందుకే పుండు పడిన పాదానికి మోకాలిదాకా ఒంటికి అంటుకునేలా ప్లాస్టర్ కట్టు వేసి ఒత్తిడిని కాలంతటికీ పంచడం, మానిన తర్వాత సన్నని గాలిరంధ్రాలున్న మెత్తటి రబ్బరు అట్టతో చేసిన ఎంసీఆర్ చెప్పులు తొడిగించడం వైద్యంలో సగం అయ్యాయి. ఈ కట్టు పద్ధతిని బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్లాక మధుమేహ రోగుల పాదపుండ్లకు కూడా అది ప్రామాణిక వైద్యమైంది.

లెక్కలోకి రాని రోగి

భారతదేశం 2005 డిసెంబరు నాటికి కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించింది. పదివేల జనాభాకు ఒకరికన్నా తక్కువ మంది రోగులు ఉండడం దానికి కొలమానం, అప్పటి సంఖ్య 0.95. ఈ కొలమానం లెక్కపెట్టేది ఆ రోజున మందు మింగుతున్నవారిని మాత్రమే. ఎక్కువ సూక్ష్మజీవులున్న రోగుల చికిత్స కాలాన్ని 1990ల చివర రెండేళ్లనుంచి ఏడాదికి తగ్గించినప్పుడు ఒక్క కొత్త రోగి తగ్గకపోయినా ఆ లెక్క తగ్గింది. చివరి మాత్ర మింగిన రోజున రోగి పేరు చికిత్స జాబితానుంచి తొలగుతుంది, అతని మొద్దుబారిన అరికాలు మాత్రం అలాగే ఉంటుంది. ప్రపంచంలో 2023లో సుమారు 1.8 లక్షల మందిలో కొత్తగా కుష్ఠు బయటపడగా వారిలో సగానికి పైగా భారతీయులే. వారి వెనుక మందు పూర్తయి, కణజాల నష్టంతో బతుకుతున్నవారి వరుస అంతకన్నా ఎంతో పొడవు.

అంగవైకల్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు స్థాయిలుగా చూస్తుంది. స్పర్శ, రూపం రెండూ బాగుంటే సున్నా, స్పర్శ పోయి రూపం చెడకపోతే ఒకటి, కంటికి కనిపించే వైకల్యమో పుండో ఉంటే రెండు. కార్యక్రమాల సమీక్షలో ఎక్కువగా వినిపించేది రెండో స్థాయి. నివారణకు అసలైన అవకాశం ఉన్నది మొదటి స్థాయిలో, అంటే చూడ్డానికి చేయి మామూలుగా ఉన్న దశలో. దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రోగి కళ్లు మూసుకుంటాడు, ఆరోగ్య కార్యకర్త బాల్‌పెన్ మొనతో అరచేతిలోనో అరికాల్లోనో కొన్ని చోట్ల తేలిగ్గా తాకుతారు, తాకిన చోటును రోగి వేలితో చూపాలి. ఇంకొంచెం కచ్చితత్వం కావాలంటే అరికాలికి పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగ ఉంది. నెల నెలా ఈ పరీక్ష చేసి రాసిపెడితే నరం చెడడం మొదలైన వారాల్లోనే తెలుస్తుంది, స్టెరాయిడ్ పనిచేసే గడువు దాటిపోదు.

స్పర్శ పోయినవారికి మిగిలిన మార్గం కళ్లతో చూసుకోవడం. రోజూ సాయంత్రం చేతులు, పాదాలు అర గంట మామూలు నీళ్లలో నానబెట్టి, ఆనెకాయలను గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే వంటనూనె రాసి, అరికాలిని అద్దంలో చూసుకుని లేదా ఇంట్లోవారి చేత చూపించుకుని ఎర్రబారిన, వేడిగా ఉన్న చోటు కనబడితే ఆ కాలికి విశ్రాంతి ఇవ్వాలి. పొయ్యి మీది గిన్నెను గుడ్డతో పట్టుకోవడం, కొడవలి పిడికి మెత్తటి గుడ్డ చుట్టడం, చెప్పుల్లో రాయి ఉందేమో దులిపి తొడుక్కోవడం కూడా ఈ వైద్యంలో భాగాలే. చదవడానికి ఇది సులభంగా కనిపిస్తుంది. రోజు కూలి మీద బతికేవారికి కాలికి విశ్రాంతి అంటే ఆ పూట కూలి పోగొట్టుకోవడం. పుండు కనబడి కూడా పొలానికి వెళ్లే రోగిని అజ్ఞాని అని తీసిపారేయడం తేలిక, అతని చెప్పులు, చేసే పని, కుటుంబ ఆదాయం కూడా వైద్యంలో భాగమని ఒప్పుకోవడం కష్టం.

చట్టం ఈ దిశలో కొంత కదిలింది. రోగులను బంధించి వేరుచేసే అధికారం ఇచ్చిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది, అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది, కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో పార్లమెంటు తీసేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కుష్ఠు వల్ల బహుళ వైకల్యం కలిగినవారి నెల పింఛను 2024 జులై నుంచి 6,000 రూపాయలైంది. ఇవన్నీ వైకల్యం ఏర్పడ్డాక అందే సాయాలు. అది ఏర్పడకుండా చూసే పని ఇప్పటికీ ఆశా కార్యకర్త సంచిలోని బాల్‌పెన్ మీద, రోగి ఇంట్లోని నీళ్ల బేసిన్ మీద ఆధారపడి ఉంది.

దీనికి కొత్త వ్యవస్థ కట్టనవసరం లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు పది కోట్లకు పైనే, వారిలో చాలామంది పాదాల్లో జరిగేది కూడా ఇదే: నరం చచ్చి, నొప్పి తెలియక, అడుగు అడుగుకూ చర్మం నలిగి పుండు పడడం. షుగరు పాదాన్ని చూడడానికి వేలూరు కుష్ఠు వార్డులో ఎదిగిన పద్ధతులనే కార్పొరేట్ ఆసుపత్రులు డబ్బు తీసుకుని అమలు చేస్తున్న కాలంలో, మైదుకూరు, ప్రొద్దుటూరు వంటి పట్టణాల ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒకరోజు రెండు రకాల రోగులకూ కలిపి పాదాల గది నడపడం అసాధ్యం కాదు. అదే బల్ల, అదే నైలాన్ తీగ, అదే మెత్తటి చెప్పు సరిపోతాయి. షుగరు పేరుతో వచ్చినవారి పక్కన కూర్చుంటే పెద్దరోగం పేరుతో దాక్కునే అవసరమూ తగ్గుతుంది. కుష్ఠు నిర్మూలనకు నిజమైన కొలమానం మందు మింగేవారి సంఖ్య కన్నా, మందు పూర్తయిన పదేళ్లకు ఎందరి పాదాలు పుండు లేకుండా ఉన్నాయన్న లెక్క. ఆ లెక్క రాసే పద్దు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెరుచుకున్న నాడే 2005 నాటి నిర్మూలనకు పూర్తి అర్థం వస్తుంది.